టాంపినీస్‌లో మేళం మాట్లాడుకునే ముందు

లయవాద్యకారుణ్ని మాట్లాడుకునేటప్పుడు అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది సందర్భం. పెళ్లిపందిట్లో డోలు, కూచిపూడి రంగప్రవేశంలో మృదంగం, అన్నమయ్య కీర్తనల గోష్ఠిలో తబలా, బోనాల ఊరేగింపులో డప్పు, సినిమా పాటల రాత్రిలో డ్రమ్స్, ఆక్టాప్యాడ్. ఇవన్నీ కొట్టే వాద్యాలే అయినా ఒకదాని పని మరొకటి చేయదు. ఒకదానిలో ఆరితేరిన చెయ్యి మరొకదానిలో తడబడవచ్చు. సింగపూర్ తూర్పు కొసన ఉన్న టాంపినీస్‌లో ఈ సంగతి మరీ స్పష్టంగా తెలుస్తుంది. చాంగి బిజినెస్ పార్క్ దగ్గర కావడంతో ఐటీ, బ్యాంకు ఉద్యోగాల తెలుగు కుటుంబాలు ఇక్కడా, పక్కనున్న సిమేయ్, బెడోక్‌లలోనూ ఉంటాయి. మొదటి పుట్టినరోజు, ఓణీల ఫంక్షను, ఉగాది, శ్రీరామనవమి అంటూ ఏడాది పొడుగునా ఏదో ఒక వేడుక. సొంతూళ్లో అయితే మేళగాళ్లు ఎవరో, ఏ వీధిలో ఉంటారో, ఎవరు తాగి వస్తారో కూడా పెద్దవాళ్లకు తెలుసు. ఇక్కడ వాద్యకారులు కొద్దిమంది. వాళ్లలోనూ చాలామంది తమిళ, మలయ్, చైనీస్, పాశ్చాత్య సంప్రదాయాల్లో తయారైనవారు. పైగా చప్పుడుకూ, పనిచేసే హక్కుకూ నిబంధనలు గట్టివి. అందుచేత అడగవలసిన ప్రశ్నలు కొంచెం ఎక్కువే.

పెళ్లిమేళం

సింగపూర్‌లో మంగళవాద్యం కావాలంటే దారి గుడి వైపే. నాదస్వరం, తవిల్ కళాకారులు ఎక్కువగా ఆలయాల కొలువులో ఉంటారు. సెరంగూన్ రోడ్డులోని శ్రీ శ్రీనివాస పెరుమాళ్ ఆలయం 1855 నాటిది, 1978లో జాతీయ స్మారక కట్టడమైంది. దాని ఆవరణలోని పీజీపీ హాలులో పెళ్లిళ్లు జరుగుతుంటాయి. టాంపినీస్ వారికి ఇంకా దగ్గరగా చాంగి విలేజ్‌లో శ్రీరామర్ ఆలయం ఉంది. గుడి కొలువులో ఉన్న కళాకారులను బయటి వేడుకకు పిలవాలంటే నేరుగా వారితో బేరం పెట్టుకోకుండా ఆలయ కార్యాలయాన్ని అడగడం మర్యాద, క్షేమం కూడా. ఫోనులో సన్నాయి, డోలు అంటే అర్థం కాకపోవచ్చు. నాదస్వరం, తవిల్ అంటే వెంటనే తెలుస్తుంది.

ఇక్కడ తెలుగు కుటుంబాలు తరచూ మరిచిపోయే విషయం ఒకటుంది. తమిళుల పెళ్లిలో ముహూర్తం అంటే తాళి కట్టే క్షణం. తవిల్ విద్వాంసుడు గట్టిమేళం ఎత్తుకోవడానికి కాచుకునేది ఆ క్షణానికే. తెలుగువారి పెళ్లిలో సుముహూర్తం జీలకర్ర-బెల్లానిది. అడ్డుతెర వెనకనుంచి వధూవరులు ఒకరి తల మీద ఒకరు చెయ్యి పెట్టే ఆ నిమిషంలో గట్టిమేళం మోగాలి. ఆ తర్వాత మంగళసూత్రధారణకు మళ్లీ మోగాలి. తమిళ పెళ్లిళ్లకు అలవాటు పడిన కళాకారుడికి ముందుగా చెప్పకపోతే, జీలకర్ర-బెల్లం వేళ ఆయన తాపీగా ఒక కీర్తన వాయిస్తూ ఉండిపోతాడు. అందులో ఆయన తప్పేమీ లేదు. ముందురోజే పురోహితుణ్ని, తవిల్ కళాకారుణ్ని ఒక్క పది నిమిషాలు కలిపి మాట్లాడిస్తే ఈ చిక్కు తీరుతుంది. జీలకర్ర-బెల్లానికి ఒకసారి, సూత్రధారణకు ఒకసారి, తలంబ్రాల దగ్గర హుషారైన దరువు, అప్పగింతల్లో డోలు తగ్గి నాదస్వరం ఒక్కటే. ఈ క్రమం ఒక కాగితం మీద రాసిస్తే ఇంకా మంచిది.

కూర్చునే చోటు కూడా ముఖ్యమే. గట్టిమేళం ఎత్తుకునేది పురోహితుడి చేతి సైగను చూసి. ముహూర్తం దగ్గరపడేసరికి ఫొటోగ్రాఫర్లు, వీడియో వాళ్లు, ఫోన్లు పట్టుకున్న బంధువులు మండపం ముందు గోడ కట్టేస్తారు. మేళానికి పురోహితుడు కనిపించడు, పురోహితుడికి మేళం కనిపించదు. మేళాన్ని మండపానికి పక్కగా, కొంచెం ఎత్తులో కూర్చోబెట్టడం ఒక దారి. సైగ అందించడానికి ఇంట్లో ఒక కుర్రాణ్ని వాళ్ల పక్కన నిలబెట్టడం ఇంకొక దారి. మంచి మేళగాడు ఈ ప్రశ్న తానే అడుగుతాడు: “అయ్యగారు నాకు కనబడతారా?” అలా అడిగినవాణ్ని నిశ్చింతగా ఖాయం చేసుకోవచ్చు.

తవిల్‌కు మైకు పెట్టకపోవడమే మేలు. కుడిచేతి వేళ్లకు గట్టి తొడుగులు వేసుకుని, ఎడమచేత పొట్టి కర్ర పట్టి వాయించే వాద్యమది. నాలుగు వీధులకు వినబడేలా పుట్టింది. చిన్న హాలులో దానికి మైకు తగిలిస్తే మంత్రాలు వినపడవు.

కచేరీకి, నాట్యానికి వేరువేరు చేతులు

మృదంగం, తబలా, ఘటం కోసం టాంపినీస్ వారు వెతకవలసిన చోట్లు కొన్ని ఉన్నాయి. 1949లో ఏర్పడిన సింగపూర్ ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీలో గురువులు మృదంగం, తబలా నేర్పుతారు. టెంపుల్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ అనే మరో సంస్థ కూడా ఉంది. 1975లో మొదలైన సింగపూర్ తెలుగు సమాజం కార్యక్రమాల్లో వాయించినవారిని వాకబు చేయవచ్చు. గురువును పలకరిస్తే తాను రాలేకపోయినా చేయి తిరిగిన శిష్యుణ్ని సూచిస్తాడు. ఇంటర్నెట్టులో మెరిసే వీడియో కంటే ఈ సిఫారసు నమ్మదగ్గది.

వీడియోల విషయంలో ఒక జాగ్రత్త. లయవాద్యకారులు పంపేది సాధారణంగా తని ఆవర్తనం ముక్క. చేతివేగం, ముక్తాయింపులు, చివర్లో చప్పట్లు. చూడటానికి బాగుంటుంది కానీ, పిలిచేవారికి కావలసిన సమాచారం అందులో ఉండదు. ఇంటి వేడుకలో ఆయన తొంభై పాళ్లు చేయబోయేది పాటకు పక్కవాద్యం. కాబట్టి మొదలు నుంచి చివరిదాకా కత్తిరింపు లేని ఒక పాట, అదీ నెమ్మదిగా సాగే పాట, గాత్రం స్పష్టంగా వినబడే రికార్డు అడగాలి. మామూలు ఫోనులో తీసినదైనా చాలు. వినేటప్పుడు మూడు సంగతులు పట్టుకోవచ్చు. సాహిత్యం మాట మాటా వినిపిస్తోందా? పాట మొదలైన కాలప్రమాణమే చివరిదాకా నిలిచిందా, చరణంలో పరుగందుకుందా? గాయని ఊపిరి తీసుకున్న చోట, సంగతి ముగిసిన చోట వాద్యం కూడా కాస్త ఆగిందా? విళంబకాలంలో రెండు దెబ్బల మధ్య ఉండే ఖాళీని కదలకుండా మోయడం ద్రుతకాలంలో వేళ్లు ఆడించడం కన్నా కష్టం. అనుభవం లేని చెయ్యి ఆ ఖాళీని భరించలేక ఏదో ఒకటి నింపేస్తుంది.

తర్వాత శ్రుతి. మృదంగం కుడి మూతను గాయకుడి ఆధార షడ్జమానికి కలుపుతారు. ఒక్కో మృదంగానికీ కొంత హద్దు ఉంటుంది. ఒకటిన్నర శ్రుతిలో పాడే పురుషుడికి సరిపోయిన వాద్యాన్ని ఐదున్నర శ్రుతి గాయనికి లాగి బిగించడం కుదరదు, అలా చేస్తే మూత దెబ్బతింటుంది. అందుకే విద్వాంసులు తగ్గు స్థాయికి పొడవాటిది, హెచ్చు స్థాయికి పొట్టిది అంటూ రెండు మృదంగాలు ఉంచుకుంటారు. తబలాలో కూడా కుడి చెక్క వ్యాసాన్ని బట్టి ఇదే పరిమితి. పిలిచే ముందు “ఎన్నో శ్రుతి?” అన్న ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉండాలి. ఆ ప్రశ్న వాద్యకారుడు అడగకపోతే అనుమానించాలి. ఒకే సాయంత్రం ఆడపిల్లల బృందం, మగవారి సోలో రెండూ ఉంటే రెండు వాద్యాలు తెస్తారా అని తప్పక కనుక్కోవాలి.

నాట్యానికి వాయించడం దాదాపు వేరే విద్య. కచేరీ మృదంగంలో గాత్రాన్ని అనుసరిస్తారు. కూచిపూడిలో నట్టువాంగాన్నీ, నర్తకి పాదాన్నీ ఒకేసారి అనుసరించాలి. జతి ఏ అక్షరంలో ఎత్తుకుంటుందో, ముక్తాయింపు ఎక్కడ పడుతుందో ముందే తెలిసి ఉండాలి. తరంగంలో పళ్లెం అంచున నిలబడిన అమ్మాయి పాదాలతో మృదంగం సంవాదం నడుపుతుంది. అక్కడ ఆమె ఒక క్షణం నిలదొక్కుకోవడానికి ఆగితే మృదంగం కూడా ఆగగలగాలి. దీనికి పాండిత్యం ఒక్కటే చాలదు. కనీసం రెండు మూడు రిహార్సళ్లు నర్తకితో కలిసి చేయాలి. “అక్కర్లేదండీ, స్టేజీ మీద చూసుకుంటా” అనేవారు ఎంత పేరున్నవారైనా రంగప్రవేశానికి వద్దు. రిహార్సళ్లకు వేరే రుసుము అడిగితే అది న్యాయమే.

మృదంగం మగవారి వాద్యమన్న మాట ఇంకా అక్కడక్కడా వినిపిస్తుంది. విజయవాడకు చెందిన దండమూడి సుమతి దశాబ్దాల పాటు మహావిద్వాంసులకు పక్కన వాయించి 2021లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ చర్చ అంతటితో ముగిసినట్టే.

ఇండియా నుంచి కంజీర కళాకారుణ్ని రప్పించుకునేవారికి మరొక సంగతి. సంప్రదాయ కంజీరకు ఉడుము తోలు వేస్తారు. ఉడుము భారత వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జంతువు, అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటెస్ ఒప్పందంలో మొదటి అనుబంధంలో ఉంది. ఆ తోలు వాద్యాన్ని చేతిసంచిలో పెట్టుకుని చాంగి విమానాశ్రయంలో దిగడం చిక్కులు కొనితెచ్చుకోవడమే. మేకతోలుతోనో, సింథటిక్ మూతతోనో చేసిన కంజీరలు దొరుకుతున్నాయి. ఏది తెస్తున్నారో ముందే అడగాలి.

తేమ, ఏసీ

సింగపూర్ గాలిలో తేమ తెల్లవారుజామున 90 శాతం దాటుతుంది, మధ్యాహ్నం ఎండకు 60 శాతం దగ్గరకు దిగుతుంది. తోలు ఈ తేమను పీల్చి సాగుతుంది, శ్రుతి దిగుతుంది. అదే వాద్యాన్ని గట్టిగా ఏసీ వేసిన హాలులోకి తెస్తే పొడిగాలికి తోలు బిగిసి శ్రుతి పైకి పోతుంది. టాంపినీస్‌లో ఒక కళాకారుడు ఎంఆర్‌టీ రైలు దిగి, చెమట పట్టే ఎండలో బ్లాకుల మధ్య నడిచి, అవర్ టాంపినీస్ హబ్‌లోని చల్లటి థియేటర్లో అడుగుపెట్టేసరికి ఆయన మృదంగం రెండు వాతావరణాలు దాటి వచ్చి ఉంటుంది. అది అక్కడి గాలికి కుదురుకోవడానికి అరగంటైనా పడుతుంది. ఆ తర్వాతే అంచును రాయితో, కర్రముక్కతో కొట్టి శ్రుతి కలపడం సాగుతుంది. ఎడమ మూతకు బొంబాయి రవ్వను నీళ్లతో ముద్దచేసి అంటిస్తారు. ఏసీ గాలికి అది త్వరగా ఎండి గుమకి అనే కింది మోత పోతుంది, కచేరీ మధ్యలో తడిచేయి రాస్తూ ఉండాలి. అనుభవజ్ఞుడైన కళాకారుడు హాలులో ఏసీ ఎలా ఉంటుంది, వేదిక మీదికి ఎప్పుడు రానిస్తారు అని అడిగేది ఇందుకే. కార్యక్రమం ఆరింటికైతే ఆరింటికి వస్తానన్న మృదంగకారుడు పనికిరాడు.

డప్పు సంగతి మరీ వేరు. తోలుడప్పును మంట సెగకు కాచి బిగించనిదే దాని గొంతు తెరుచుకోదు. టాంపినీస్‌లో అపార్టుమెంటు కింద గడ్డిమంట వేసే వీలు ఎటూ లేదు. ఇక్కడ వాయించేవారు సింథటిక్ మూత, బోల్టులు ఉన్న డప్పులు వాడుకోవడం తప్పనిసరి. నాదంలో కొంత తేడా ఉంటుంది. దెబ్బ పదునుగా ఉంటుంది, కింది గుమ్మనే మోత తగ్గుతుంది. ఆ లోటు తెలిసి పిలుచుకుంటే నిరాశ ఉండదు.

డప్పు, బతుకమ్మ, ఊరేగింపు

తెలంగాణ కల్చరల్ సొసైటీ సింగపూర్ సుంగే కడూట్‌లోని అరసకేసరి శివన్ ఆలయంలో బోనాలు జరుపుతూ వస్తోంది. పోతరాజు ఆటకు, పులివేషానికి డప్పు దరువే ప్రాణం. కుడిచేత లావుపాటి సిర్ర, ఎడమచేత సన్నటి సిటికెన పుల్ల పట్టి వాయించే ఈ వాద్యాన్ని నేర్చినవారు సింగపూర్‌లో అరుదు. అందువల్ల చాలాచోట్ల తమిళుల ఉరుమి మేళాన్నో, పంజాబీ డోల్‌నో పెట్టుకుంటారు. ఊపు వస్తుంది కానీ తీన్మార్ రాదు. ఆ అడుగులు కావాలనుకుంటే వాద్యబృందానికి రెండు మూడు నమూనా రికార్డింగులు వారం ముందే పంపి, ఆ నడక పట్టారో లేదో ఒకసారి విని చూసుకోవాలి. లయ తెలిసినవారికి అది పెద్ద పనేమీ కాదు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. డప్పు కళాకారుల్ని పందిరి బయట నిలబెట్టి, భోజనాలు చివర్లో పెట్టే అలవాటు మన ఊళ్ల నుంచి కొన్నిచోట్ల విమానమెక్కి వచ్చింది. ఆహ్వానపత్రికలో గాయని పేరు వేసినప్పుడు డప్పు బృందం పేరు కూడా వేయాలి. కుర్చీ, నీళ్లు, దుస్తులు మార్చుకునే గది గురించి మాట్లాడుకోవడం బేరంలో భాగమే.

బతుకమ్మకు అసలు డ్రమ్మర్ అవసరమా అన్నది కూడా ఆలోచించాలి. చప్పట్లతో, అడుగుతో, ఒకరు చెబితే అందరూ అందుకునే పాటతో ఆ ఆట తన కాలప్రమాణాన్ని తానే పెట్టుకుంటుంది. దాని మీద డ్రమ్ మెషీన్ బీటు పెడితే పాట పాడేవారు మానేస్తారు, డ్యాన్సు మాత్రం మిగులుతుంది. మరీ కావాలంటే ఒక ఢోలక్ చాలు.

ఊరేగింపులో వాద్యం అనగానే సింగపూర్‌లో పాత చరిత్ర ఒకటి గుర్తు చేసుకోవాలి. తమిళుల తైపూసం పండుగ పాదయాత్రలో వాద్యాలు వాయించడాన్ని, బృందాల మధ్య కొట్లాటల కారణంగా, 1973లో నిషేధించారు. 2016 నుంచి దారిలో కొన్ని నిర్ణీత స్థలాల్లో మాత్రమే ప్రత్యక్ష వాద్యాలకు వీలు కల్పించారు. నడిరోడ్డు మీద బరాత్ తీయడం ఇక్కడ కుదిరే పని కాదు. వరుడి ఎదురుకోలు కారు దిగిన చోటు నుంచి హాలు గుమ్మం దాకానే, అదీ హాలు యాజమాన్యం ఒప్పుకుంటేనే.

సినిమా పాటల బృందం

తెలుగు సినిమా పాటల రాత్రికి డ్రమ్మర్ ఒక్కడే ఉంటే సరిపోదు. మన పాటల్లో తబలా, ఢోలక్, డప్పు, డోలు నాదాలు పాశ్చాత్య డ్రమ్స్‌తో కలగలిసి ఉంటాయి. వాటినన్నిటినీ విడివిడిగా పిలిపించే స్తోమత చాలామందికి ఉండదు కనుక ఆర్కెస్ట్రాల్లో ఆ నాదాలన్నిటినీ ఒక్కదానిలోనే పలికించే ఆక్టాప్యాడ్ వాయించేవారికి గిరాకీ. ఆక్టాప్యాడ్ కళాకారుణ్ని ఎంచుకునేటప్పుడు అడగవలసింది వాద్యం మోడల్ గురించి కాదు, ఈ పాటల జాబితాకు నాదాలన్నీ లోపల ఎక్కించి ఉన్నాయా అని. జాబితా కనీసం రెండు వారాల ముందు ఇవ్వాలి, చివరి నిమిషంలో అతిథులు అడిగే పాటల కోసం ఒక నాలుగైదు అదనంగా పెట్టుకోవాలి.

డ్రమ్స్ విషయంలో సింగపూర్‌కు లోటు లేదు. లాసాల్ వంటి కళాశాలల్లో జాజ్, పాప్ నేర్చుకున్న యువకులు చాలామంది ఉన్నారు. వారు స్వరలిపి చూసి వాయించగలరు, హెడ్‌ఫోనులో కాలం లెక్కపెట్టే క్లిక్ వింటూ కాలం తప్పకుండా నిలబడగలరు. కానీ తెలుగు మాస్ పాటలోని ఆరెనిమిది నడకలో ఉండే ఊపు అచ్చులో పట్టేది కాదు. చైనీస్ డ్రమ్మర్ ఆ ఊపు పట్టాడా అన్నది ఒక్క రిహార్సల్‌లో తేలిపోతుంది. పట్టనివాడు లెక్క తప్పడు, కానీ ఎవరి కాలూ కదలదు.

క్లిక్ పరీక్ష ఒకటి ఉంది. నిమిషానికి 65 దెబ్బల వేగంలో ఒక మెలొడీ పాట వాయించమని చెప్పి, మధ్యలో నాలుగు ఆవర్తాల పాటు క్లిక్ ఆపేసి మళ్లీ వేయాలి. క్లిక్ తిరిగి వచ్చేసరికి డ్రమ్మర్ దానితో కలిసే ఉంటే ఆయన కాలజ్ఞానం సొంతది. రికార్డు చేసిన ట్రాకుల మీద పాడే కార్యక్రమమైతే ఈ పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే ట్రాకు ఎవరి కోసమూ ఆగదు.

మోత తగ్గించి వాయించడం ఎలాగో తెలుసా అన్నది ఇంకొక ప్రశ్న. కాండోమినియం ఫంక్షన్ రూములో, ముప్పై మంది అతిథుల మధ్య పూర్తి డ్రమ్ కిట్ మోగితే పక్కవారి మాట వినపడదు. తెలివైన డ్రమ్మర్ బ్రష్‌లు తెస్తాడు, సన్నటి పుల్లల కట్టలు తెస్తాడు, లేదా కిట్ ఇంట్లో వదిలేసి కహోన్ అనే చెక్కపెట్టె మీద కూర్చుంటాడు. చిన్న వేడుకలకు ఆ పెట్టె, ఒక గిటారు, ఒక గొంతు ఉంటే నిండుగా ఉంటుంది.

2017లో ప్రారంభమైన అవర్ టాంపినీస్ హబ్‌లోని ఫెస్టివ్ ఆర్ట్స్ థియేటర్ గానీ, చుట్టుపక్కల కమ్యూనిటీ క్లబ్బులు గానీ తీసుకునేటప్పుడు డ్రమ్ కిట్ అక్కడే ఉందా, అద్దెకు తేవాలా, దింపడానికి లారీ ఎక్కడ ఆపాలి అన్నవి హాలు వారినే అడగాలి. హాలులో కిట్ ఉన్నా సాధారణంగా డ్రమ్మర్లు తమ స్నేర్, సింబల్స్, పెడల్ తామే తెచ్చుకుంటారు. అది నఖరా కాదు, పద్ధతి. ఆ సరంజామాతో ఎంఆర్‌టీ ఎక్కలేరు కనుక వ్యాను ఖర్చు లెక్కలో ఉండాలి.

ఇరుగుపొరుగు

ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ హెచ్‌డీబీ కట్టిన బ్లాకుల కింద స్తంభాల మధ్య ఖాళీగా ఉండే వాయిడ్ డెక్‌లో మలయ్ కుటుంబాలు పెళ్లిళ్లు చేస్తాయి. టాంపినీస్‌లో ఏ శనివారమో, ఆదివారమో వరుడి వెంట కొంపాంగ్ బృందం నడిచి రావడం మామూలు దృశ్యం. మేకతోలు బిగించిన ఆ చేతిడప్పులను పది పన్నెండు మంది కలిసి వాయిస్తారు. ఒక్కొక్కరి దెబ్బ విడిగా చిన్నదే, అందరివీ అల్లుకుంటే పెద్ద దరువవుతుంది. కొంపాంగ్‌ను ఎవరైనా బృందంగానే మాట్లాడుకుంటారు, విడిగా నలుగురిని ఏరుకుంటే ఆ అల్లిక రాదు. ఇరుగుపొరుగు దాన్ని ఓర్చుకోవడానికి కారణం, అది పట్టపగలు, వచ్చీ పోయేటప్పుడు కాసేపు మాత్రమే మోగడం. ఈ పద్ధతి నుంచి తెలుగువారు నేర్చుకోదగ్గది ఉంది.

వాయిడ్ డెక్ వాడుకోవాలంటే టాంపినీస్ టౌన్ కౌన్సిల్ అనుమతి తీసుకోవాలి. రాత్రి పొద్దుపోయాక, తెల్లవారేదాకా నిశ్శబ్దం పాటించాలని హెచ్‌డీబీ నివాసులకు చెబుతుంది. తెలుగు పంచాంగంలో మంచి ముహూర్తాలు తరచూ అర్ధరాత్రి, తెల్లవారుజాము వేళల్లో పడతాయి. ఇక్కడ పెళ్లి చేసేవారు సిద్ధాంతిగారిని పగటి ముహూర్తమే చూడమని అడగడం వెనక సెలవులు, హాలు అద్దెతో పాటు డోలు చప్పుడు కూడా ఉంది. అందరికీ ప్రవేశం ఉన్న బహిరంగ కార్యక్రమమైతే దాని స్వభావాన్ని బట్టి పోలీసుల నుంచో, మీడియా రంగాన్ని చూసే ప్రభుత్వ సంస్థ ఐఎండీఏ నుంచో లైసెన్సు అవసరపడవచ్చు. ఆ పూచీ నిర్వాహకులదే, వాద్యకారుడిది కాదు. రిహార్సళ్లు ఫ్లాటులో పెట్టుకోకుండా గంటల లెక్కన దొరికే స్టూడియోలోనో, కమ్యూనిటీ క్లబ్ గదిలోనో పెట్టుకుంటే పై అంతస్తు వారితో స్నేహం చెడదు.

ఎవరు డబ్బు తీసుకోవచ్చు

మొహమాటం కొద్దీ ఎవరూ ఎత్తని విషయం ఇది. సింగపూర్‌లో బాగా మృదంగం వాయించే తెలుగువారు, తమిళులు చాలామంది వారంలో ఐదు రోజులు కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగులు. ఎంప్లాయ్‌మెంట్ పాస్ మీద ఉన్నవారు ఆ పాస్‌లో పేర్కొన్న సంస్థకు మాత్రమే పనిచేయాలి. పక్కన డబ్బు తీసుకుని వాయించడం చట్టం ఒప్పుకోదు. డిపెండెంట్ పాస్ మీద ఉన్న గృహిణి ఎంత గొప్ప కళాకారిణి అయినా, 2021 మే 1 నుంచి ఆమెకు పనిచేయడానికి సొంత వర్క్ పాస్ కావాలి. పౌరులకు, శాశ్వత నివాసులకు ఈ అడ్డు లేదు. స్నేహితుడు స్నేహం కొద్దీ వాయించిపోవడం వేరు, రుసుము పుచ్చుకోవడం వేరు. కవరులో పెట్టి ఇచ్చినంత మాత్రాన రుసుము కానుకైపోదు. దీనివల్ల ఉద్యోగం పోయే ప్రమాదం వాద్యకారుడిదే కనుక, పిలిచేవారు ముందుగా అడగడం ఆయనకు చేసే మేలు.

ఇండియా నుంచి విజిట్ పాస్ మీద కళాకారుణ్ని రప్పించడంలో కూడా ఇలాంటి గీతలే ఉన్నాయి. ప్రభుత్వ సంస్థల మద్దతు ఉన్న కార్యక్రమాల్లో, లేదా ప్రజలకు ప్రవేశమున్న ప్రదర్శనశాలల్లో వాయించేవారికి వర్క్ పాస్ నుంచి మినహాయింపు ఉంది. మానవ వనరుల మంత్రిత్వ శాఖకు ముందే తెలియజేయాలి, ఏడాదిలో 90 రోజులు మించకూడదు. బార్లు, హోటళ్లు, రెస్టారెంట్లు, ప్రైవేటు క్లబ్బులకు ఈ మినహాయింపు వర్తించదు. కాబట్టి సంఘం తరఫున థియేటర్లో జరిపే కచేరీకి హైదరాబాదు నుంచి డ్రమ్మర్‌ను తేవడం సాధ్యమే గానీ, అదే డ్రమ్మర్ మరునాడు హోటల్‌లో రిసెప్షన్‌కు వాయిస్తే అది వేరే సంగతి. బార్లు, నైట్‌క్లబ్బులు విదేశీ కళాకారులను పెట్టుకోవడానికి ఉన్న ప్రత్యేక వర్క్ పర్మిట్‌ను 2026 జూన్ నుంచి ఎత్తివేస్తున్నట్లు కూడా మంత్రిత్వ శాఖ ప్రకటించింది. నిబంధనలు మారుతుంటాయి. టికెట్లు కొనకముందే ఆ శాఖ వెబ్‌సైటు చూసుకోవడం ఉత్తమం.

బయానా, రాతకోతలు

రేటు అడిగినప్పుడు వచ్చే అంకెలో ఏమేమి కలిసి ఉన్నాయో అడగకపోతే చివరికి మనస్పర్థలే. ఎన్ని గంటలు వాయిస్తారు, ఆ గంటలు వచ్చినప్పటి నుంచా, వాయించడం మొదలైనప్పటి నుంచా? రిహార్సళ్లు ఎన్ని? వ్యాను, పార్కింగు ఎవరివి? మైకులు, యాంప్లిఫయర్ ఎవరు తెస్తారు? కార్యక్రమం ఆలస్యమైతే గంటకు ఎంత? మన వేడుకల్లో ఈ ఆఖరి ప్రశ్న లాంఛనం కాదు. ఆరింటికని అచ్చువేసి ఏడున్నరకు మొదలుపెట్టడం మనకు అలవాటు. తొమ్మిదింటికి ఇంకొక చోటికి వెళ్లవలసిన డ్రమ్మర్ సరిగ్గా పెద్ద పాట దగ్గర పుల్లలు సర్దుకుంటాడు.

మంచి ముహూర్తాలు తమిళులకూ, తెలుగువారికీ తరచూ ఒకే వారాంతంలో పడతాయి. మేళగాళ్లు అప్పుడు దొరకరు. తేదీ ఖాయమైన రోజే బయానా ఇచ్చేయాలి. ఒకవేళ ఆ కళాకారుడికి జ్వరం వస్తే బదులు ఎవరు వస్తారో, ఆ వచ్చేవారు రిహార్సల్‌కు కూడా వస్తారో లేదో అప్పుడే మాట్లాడుకోవాలి. నాట్యప్రదర్శనకు బదులు మనిషిని ఒప్పుకోవడం కష్టం. భజనకు, పుట్టినరోజుకు ఫరవాలేదు.

ఒప్పందానికి వకీలు అక్కర్లేదు. తేదీ, సమయం, స్థలం, మొత్తం, బయానా, మిగతా ఎప్పుడు, రద్దయితే ఏమిటి అన్నవి ఒక్క వాట్సాప్ సందేశంలో రాసి ఇద్దరూ సరే అనుకుంటే చాలు. స్వయంఉపాధి కళాకారులతో ముఖ్యమైన షరతులను రాతలో పెట్టుకోవాలని సింగపూర్‌లో ప్రభుత్వం, యాజమాన్యాలు, కార్మిక సంఘాలు కలిసి 2018లో ఒక ప్రమాణం కూడా తెచ్చాయి. మిగతా సొమ్ము వాయించిన రోజే, వాద్యాలు సర్దుకోకముందే ఫోనులో డబ్బు పంపే పేనౌ ద్వారా పంపేయాలి. పెళ్లిమేళానికైతే తాంబూలంలో పెట్టి ఇవ్వడం మన మర్యాద, పేనౌ చేసినా పండు తాంబూలం ఇవ్వడానికి అడ్డేమీ లేదు. వ్యవహారం మరీ చెడి, బయానా తీసుకున్నవారు రాకపోయినా, వాయించినవారికి డబ్బు అందకపోయినా, 20,000 డాలర్ల దాకా, రెండు పక్షాలూ ఒప్పుకుంటే 30,000 డాలర్ల దాకా, స్మాల్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో రెండేళ్లలోపు దావా వేయవచ్చు. అక్కడ కూడా మొదట అడిగేది ఆ రాతనే.